మర్దనకు వెళ్లే నడుము ఎవరిది?

భిలాయిలోని ఖుర్సీపార్‌లో, తెలుగు కూలి కుటుంబాల మధ్య పెరిగాను. మా నాన్న ఒక చిన్న కర్మాగారంలో కాంట్రాక్టర్ కింద ఇనుప సామాను మోసేవాడు. నడుము పట్టేసిన రాత్రి అమ్మ ఆవనూనె కాచి రుద్దేది. తగ్గకపోతే ఎదురుకాళ్లతో పుట్టిన పక్కింటి పిల్లాడితో తొక్కించేది. అప్పటికీ తగ్గకపోతే మాలిష్ చేసే ముసలాయన దగ్గరికి పోవాల్సిందే. 'నరం మీద నరం ఎక్కింది' అని తేల్చి, ఆయన అరగంట సేపు బొటనవేళ్లతో నొక్కేవాడు. రెండు రోజులు హాయిగా ఉండేది. మూడో రోజు మళ్లీ అదే ఇనుము.

చదువుకున్నవాళ్లలో కొందరు దీన్ని మూఢనమ్మకం అంటారు. ఇంకొందరు మన ప్రాచీన విజ్ఞానం అని మురిసిపోతారు. నాన్న అక్కడికి ఎందుకు వెళ్లాడో మాత్రం ఇద్దరూ అడగరు.

నేను అడిగాను. ఆసుపత్రి లైన్లో నిలబడితే ఆ రోజు కూలి పోతుందన్నాడు. ముసలాయన రాత్రిపూట కూడా చూస్తాడన్నాడు. 'డాక్టరు కాగితం చూశాడు, ఆయన నా వీపు చూశాడు' అన్నాడు. అంటరానితనం పాటించే ఊరి నుంచి వచ్చిన మనిషికి ఆ స్పర్శ విలువెంతో రాసుకోవడానికి మన ప్రశ్నావళుల్లో గడి లేదు.

మర్దన పనికిరాదని నేను అనను. దీర్ఘకాలిక నడుము నొప్పిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు వ్యాయామంతో పాటు మర్దనకూ షరతులతో చోటిచ్చాయి. కానీ కాళ్లు మొద్దుబారినా, మూత్రం ఆగిపోయినా తొక్కించుకోవడం ప్రమాదం. వెంటనే ఆసుపత్రికి పోవాలి.

సంప్రదాయం అని మురిసేవాళ్లను ఒకటి అడగాలి. ఈ చేతి విద్య ఎవరిది? మంగళ్లది, మంత్రసానులది. గౌరవం గ్రంథానికి దక్కింది, చేతికి దక్కలేదు. కులం అంటే శ్రమ విభజన మాత్రమే కాదు, శ్రామికుల విభజన అని అంబేడ్కర్ 1936లోనే చెప్పారు. బరువు మోసే కులం, ఆ వీపు రుద్దే కులం, ఇద్దరి మీదా థీసిస్ రాసే కులం. ఈ మూడో వరుసలోకి నాలాంటివాళ్లు ఈ మధ్యే వచ్చారు.

గాయమయ్యేంత బరువు ఎవరితోనూ ఎత్తించకూడదని 1948 ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్‌లో రాశారు. 1923 నాటి నష్టపరిహార చట్టం వృత్తి వ్యాధుల జాబితాలో సిలికోసిస్ ఉండేది, బరువులెత్తి దెబ్బతిన్న నడుము ఉండేది కాదు. అందుకే పని తెచ్చిన నొప్పి సొంత నొప్పి అయిపోతుంది. దానికి నూనె ఖర్చూ సొంతమే.

భిలాయి ఉక్కుకు ఖనిజం పంపిన దల్లీ రాజహరాలో గని కార్మికులు 1983లో తమ డబ్బుతో, తమ శ్రమతో శహీద్ ఆసుపత్రి కట్టుకున్నారు. వాళ్ల నాయకుడు శంకర్ గుహా నియోగి భిలాయి కాంట్రాక్టు కార్మికులను కూడగడుతూ 1991 సెప్టెంబరు 28న హత్యకు గురయ్యారు. కూలీ, ఆరోగ్యం ఒకే పోరాటమని ఆ కార్మికులకు తెలుసు. మన పరిశోధనలకే ఇంకా తెలియదు.

పరిశోధక మిత్రులారా, 'మర్దనతో తృప్తి కలిగిందా?' అని అడిగే ముందు ఇవి అడగండి: రోజుకు ఎంత బరువు ఎత్తారు? ఎవరు ఎత్తించారు? నొప్పితో పడుకున్న రోజు కూలి ఇచ్చారా? ఆ జవాబులు లేని థీసిస్‌లో మా నాన్న నడుము ఉండదు.