జాబితాకెక్కని 80 లక్షల మంది



బ్రిటన్‌లో ఓటు హక్కు గురించి మాట వచ్చినప్పుడల్లా చర్చంతా రెండు విషయాల చుట్టూనే తిరుగుతోంది. ఒకటి పోలింగ్ కేంద్రంలో ఫొటో గుర్తింపు కార్డు అడగడం, రెండోది పదహారేళ్లకే ఓటు ఇస్తామని 2025 జులైలో అక్కడి ప్రభుత్వం చేసిన ప్రకటన. రెండూ పట్టించుకోవలసినవే. కానీ అసలు లోపం అంతకు ముందే, ఓటర్ల జాబితాలోనే ఉంది. 2022 డిసెంబరు నాటి జాబితాలను పరిశీలించిన ఎలక్టొరల్ కమిషన్, అర్హుల్లో దాదాపు 86 శాతం మందే ప్రస్తుత చిరునామాలో సరిగ్గా నమోదై ఉన్నారనీ, అలా లేనివారు 80 లక్షల దాకా ఉండవచ్చుననీ తేల్చింది. 2024 జులై 4న జరిగిన సార్వత్రిక ఎన్నికల్లో పోలింగ్ కేంద్రం దాకా వచ్చి, కార్డు లేక వెనుదిరిగి, మళ్లీ రానివారు 0.08 శాతం. కార్డు నిబంధన విని ఇంటి దగ్గరే ఆగిపోయినవారిని కలుపుకున్నా జాబితా లోపమే చాలా పెద్దది. కాబట్టి ఓటరు పేరు జాబితాలో చేర్చే బాధ్యతను వ్యక్తి నెత్తి మీది నుంచి దించి ప్రభుత్వానికే అప్పగించాలన్నది నా వాదన.

2014 దాకా ఇంటి పెద్ద ఒక ఫారం నింపితే ఇంట్లో అందరి పేర్లూ చేరేవి. హాస్టళ్లలో ఉండే విద్యార్థుల పేర్లను విశ్వవిద్యాలయాలే పంపగలిగేవి. ఒకరి ఓటు మరొకరి దయ మీద ఆధారపడకూడదనీ, దొంగ పేర్లు చేరకూడదనీ ఆ పద్ధతి తీసేసి, ఎవరికి వారే దరఖాస్తు చేసుకోవాలన్నారు. పుట్టిన తేదీ, పన్ను, సామాజిక భద్రత లెక్కలకు వాడే నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు ఇస్తే ప్రభుత్వ రికార్డులతో సరిచూసుకుంటారు. ఆ ఉద్దేశాన్ని నేను తప్పు పట్టను. కానీ దాని భారం అందరి మీదా ఒకేలా పడలేదు. పైన చెప్పిన 2022 పరిశీలన ప్రకారం అప్పుల్లేని సొంత ఇల్లున్నవారిలో 95 శాతం మంది నమోదై ఉంటే, ప్రైవేటు అద్దె ఇళ్లలో ఉన్నవారిలో 65 శాతమే. 18, 19 ఏళ్ల వారిలో 60 శాతం. ఇల్లు మారిన ప్రతిసారీ మళ్లీ దరఖాస్తు పెట్టాలి కనుక, అద్దె పెరిగి ఏటా ఇల్లు మారక తప్పనివారే ముందుగా జాబితా నుంచి జారిపోతారు. పోనీ తన పేరు ఉందో లేదో ఆన్‌లైన్‌లో చూసుకుందామంటే ఆ సదుపాయమూ లేదు, స్థానిక కౌన్సిల్ అధికారులను అడగాలి. అందుకే ఎన్నికల ముందు వెల్లువలా వచ్చే దరఖాస్తుల్లో ఎన్నో అప్పటికే నమోదైనవారివి. వాటిని ఏరిపారేయడానికే సిబ్బంది సమయం ఖర్చవుతోంది.

నమోదు కాకపోతే ఆ ఒక్కరి ఓటే కదా పోయేది అనుకోవడానికి వీల్లేదు. నియోజకవర్గాల పునర్విభజన అంటే మనకు జనాభా లెక్క గుర్తొస్తుంది. మన దగ్గర పసిపిల్లలు కూడా ఆ లెక్కలోకి వస్తారు. బ్రిటన్‌లో అలా కాదు, నమోదైన ఓటర్ల సంఖ్యే కొలత. 2023లో ముగిసిన పునర్విభజన 2020 మార్చి 2 నాటి జాబితాల మీద జరిగింది. ప్రత్యేక మినహాయింపు ఉన్న కొన్నిటిని పక్కన పెడితే ప్రతి నియోజకవర్గంలో 69,724 నుంచి 77,062 మంది దాకా నమోదైన ఓటర్లు ఉండాలన్నారు. అద్దె ఇళ్లూ, కుర్రవాళ్లూ ఎక్కువగా ఉండే నగర ప్రాంతాల్లో జాబితాకెక్కనివారు ఈ లెక్కలో లేనట్టే. అక్కడి ఎంపీ తన వాటాకన్నా ఎక్కువ మంది బాగోగులు చూడాలి. అంటే నమోదైన పొరుగువాడి ఓటు విలువ కూడా తగ్గుతోంది. నా దృష్టిలో ఈ వ్యవహారంలో అన్నిటికన్నా అన్యాయమైన సంగతి ఇదే.

తెలుగువారికి ఇది దూరపు గొడవ కాదు. చెల్లుబాటయ్యే వీసా ఉండి బ్రిటన్‌లో నివసిస్తున్న కామన్వెల్త్ దేశాల పౌరులకు పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటు ఉంది. భారత పాస్‌పోర్టుతో సెప్టెంబరులో చదువుకు వెళ్లిన మన విద్యార్థి, ఆసుపత్రిలో పనిచేసే నర్సు, భర్త వెంట వెళ్లిన భార్య, వయసు చాలితే అందరూ అర్హులే. ఇరవై ఏళ్లుగా అక్కడే ఉంటున్న ఫ్రాన్సు పౌరుడికి మాత్రం సార్వత్రిక ఎన్నికల్లో ఓటు లేదు. ఈ తేడా సబబేనా అని అడిగేవారున్నారు. 2008లో మాజీ అటార్నీ జనరల్ లార్డ్ గోల్డ్‌స్మిత్ పౌరసత్వంపై ఇచ్చిన నివేదికలో పార్లమెంటు ఓటును పౌరసత్వానికే ముడిపెట్టాలని సూచించారు. ఆ వాదన విననక్కర్లేదని నేను అనను, దాన్ని తేల్చవలసింది అక్కడి పార్లమెంటు. అయితే చట్టం హక్కు ఇచ్చినంత కాలం, తెలియకపోవడం వల్ల ఆ హక్కు పోయే ఏర్పాటు ఉండకూడదు.

ప్రభుత్వమే నమోదు చేస్తే ప్రతి మనిషి వివరాలూ ఒకచోట పోగుపడతాయన్నది మొదటి అభ్యంతరం. జర్మనీ, స్వీడన్ దేశాల్లో నివాసుల రిజిస్టరు ఉంది కనుక ఓటరుకు సమాచారం నేరుగా ఇంటికే వస్తుంది. జాతీయ గుర్తింపు కార్డు చట్టాన్నే 2010లో రద్దు చేసుకున్న బ్రిటన్‌కు ఆ దారి నచ్చదు, నిజమే. కానీ అలాంటి రిజిస్టరు లేని కెనడా 1997 నుంచి పన్ను రిటర్నులు, డ్రైవింగ్ లైసెన్సుల వంటి రికార్డులతో శాశ్వత ఓటర్ల జాబితా నడుపుతోంది. పన్ను ఫారంలో అంగీకారం కూడా అడుగుతుంది. పైగా బ్రిటన్‌లోనూ 2020 నుంచి ఓటర్ల జాబితాను సరిచూసే వార్షిక సర్వేలో ఓటర్ల వివరాలను ప్రభుత్వ రికార్డులతో పోల్చి చూస్తూనే ఉన్నారు. స్థానిక ఇంటి పన్ను అయిన కౌన్సిల్ ట్యాక్స్ రికార్డుల్లో కొత్త మనిషి కనబడినా ఎన్నికల అధికారి చేయగలిగింది ఆహ్వానం, ఆ తర్వాత గుర్తుచేసే లేఖలు పంపడం, చివరికి ఇంటికి మనిషిని పంపడం. సమాచారం వాడుకోవడం ఇప్పటికే ఉంది, దాని ఫలితమే ఓటరుకు అందడం లేదు. ప్రాణభయంతో చిరునామా దాచుకోవలసినవారికి పేరు బయటపెట్టకుండా నమోదయ్యే వీలు చట్టంలో ఉంది, దాన్ని ఇంకా సులభం చేయాలి.

అనర్హులు చేరిపోతారన్న భయం ఇంతకన్నా గట్టిది. జాతీయతను బట్టి అర్హత మారే దేశంలో చిరునామా ఒక్కటే చూసి పేరు ఎక్కించకూడదు. జాతీయత రికార్డుల్లో స్పష్టంగా ఉన్నవారినే నేరుగా చేర్చి, మిగిలినవారికి ఇప్పటిలాగే లేఖ రాయాలి. దానివల్ల మన వలస కుటుంబాల్లో కొందరు మొదట్లో బయటే మిగులుతారు. అయినా నాకు సమ్మతమే. తప్పుగా చేరిన పేరు ఆ వ్యక్తినే చిక్కుల్లో పడేస్తుంది. ఇక నమోదుకే బద్ధకించేవాడు ఓటేస్తాడా అనేవారికి ఒకటే జవాబు: ఓటు వేయాలా వద్దా అన్నది పోలింగ్ రోజున అతను తేల్చుకోవాలి. వారాల ముందు పూరించని ఫారం తేల్చకూడదు.

వేల్స్ 2024లో చట్టం చేసి నాలుగు కౌన్సిళ్లలో ఆటోమేటిక్ నమోదును ప్రయోగంగా చేపట్టింది. దేశమంతటా ఆ దిశగా వెళతామని లండన్ ప్రభుత్వం కూడా చెప్పింది. అది అమలయ్యేదాకా అక్కడి తెలుగు సంఘాల వారికి నా విన్నపం: ఉగాదికీ, బతుకమ్మకీ జనం చేరినప్పుడు నమోదు కోసం ఒక బల్ల వేయండి. గడువు పోలింగుకు 12 పనిదినాల ముందే ముగుస్తుందని చెప్పండి. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు ఇంకా రానివారు కూడా ఆ కారణం రాసి దరఖాస్తు చేసుకోవచ్చు.

ఇట్లు,
మీ పాఠకుడు