కళా సంస్థల్లో తీర్పరులే పోటీదారులైతే...

న్యూఢిల్లీ: ప్రభుత్వ నిధులతో నడిచే కళా సంస్థల పాలక మండళ్లలో సభ్యులుగా ఉన్న చిత్రకారులు, శిల్పులు అదే సంస్థ నిర్వహించే ప్రదర్శనల్లో తమ కృతులను ఉంచవచ్చునా? ఈ ప్రశ్న కొత్తది కాదు. అయితే సమాధానాన్ని సభ్యుల విచక్షణకే వదిలివేసిన చోటల్లా వివాదం తప్పదు.

ప్రదర్శన అంటే గోడకు ఒక చిత్రాన్ని తగిలించడం మాత్రమే కాదు. జాతీయ ప్రదర్శనలో చోటు లభించిన చిత్రకారుని పేరు కేటలాగుకెక్కుతుంది. కొనుగోలుదారుల దృష్టి అతనిపై పడుతుంది. ఫెలోషిప్‌లకు, విదేశీ ప్రదర్శనలకు అదే అర్హతాపత్రమవుతుంది. గ్యాలరీలో స్థలం మాత్రం పరిమితం. పాలక మండలి సభ్యుని కృతి ఆక్రమించిన ప్రతి అడుగూ, ఏ పలుకుబడీ లేని యువ కళాకారునికి దక్కకుండా పోయినదే.

కళాకారులను అసలు మండళ్లలోకే తీసుకోకూడదనడం పరిష్కారం కాదు. 1954లో ఏర్పడిన లలిత కళా అకాడమీకి తొలి అధ్యక్షుడైన దేవీప్రసాద్ రాయ్ చౌధురి స్వయంగా శిల్పి. మద్రాసు కళా పాఠశాల ప్రిన్సిపాల్‌గా ఆంధ్ర చిత్రకారులు పలువురికి ఆయన గురువు. కళను ఎరిగినవారే కళా సంస్థలను నడపాలన్నది ఆనాటి ఆశయం. చిక్కు సభ్యత్వంలో లేదు, ఒకే వ్యక్తి రెండు వైపులా కూర్చోవడంలో ఉన్నది.

ఒరిస్సా పుస్తకాల కేసు

తన వ్యవహారంలో తానే తీర్పరి కారాదన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు రెండు కేసుల్లో స్పష్టం చేసింది. జమ్మూ కాశ్మీర్ అటవీ అధికారుల ఎంపికకు సంబంధించిన క్రైపాక్ కేసులో (1969) ఎంపిక బోర్డు సభ్యుడే అభ్యర్థి కూడా. తన పేరు పరిశీలనకు వచ్చినప్పుడు ఆయన బోర్డులో కూర్చోలేదు. అయినా పోటీదారుల పేర్లపై చర్చలో పాల్గొన్నందున కోర్టు ఆ ఎంపికలను కొట్టివేసింది.

1984 నాటి ఒరిస్సా కేసు కళారంగానికి మరింత దగ్గరది. విద్యాసంస్థల గ్రంథాలయాలకు పుస్తకాలు ఎంపిక చేసే ఉపసంఘంలో రచయితలే సభ్యులు. వారి పుస్తకాలూ పరిశీలనకు వచ్చాయి. తన పుస్తకం వంతు వచ్చినప్పుడు సభ్యుడు పక్కకు తప్పుకున్నా దోషం తొలగదని కోర్టు భావించింది. ఈ రోజు నా పుస్తకాన్ని నీవు బలపరిస్తే రేపు నీ పుస్తకాన్ని నేను బలపరుస్తానన్న పరస్పర అవగాహనకు అవకాశం మిగిలే ఉంటుంది. పక్షపాతం నిజంగా జరిగిందని రుజువు కానక్కరలేదు, జరగగల సహేతుకమైన అవకాశం ఉంటే చాలు. 'పుస్తకం' ఉన్న చోట 'చిత్రం' అని చదువుకుంటే ప్రస్తుత సమస్య తేటతెల్లమవుతుంది.

కళాలోకం చిన్నది, అర్హులు కొద్దిమందే, వారిని ప్రదర్శనలకు దూరం చేస్తే ప్రేక్షకులే నష్టపోతారన్న వాదన ఉన్నది. అది పూర్తిగా కొట్టివేయదగినది కాదు. అయితే సభ్యత్వం శాశ్వతం కాదు. పదవీకాలం ముగిశాక ప్రదర్శనకు అడ్డు ఉండదు. ఈలోగా ప్రైవేటు గ్యాలరీలు ఉండనే ఉన్నాయి. సాహిత్య అకాడమీ వార్షిక అవార్డుకు కార్యనిర్వాహక మండలి సభ్యుల పుస్తకాలు అర్హం కావన్న నియమం ఉన్నా రచయితలు సభ్యత్వానికి వెనుకాడడం లేదు.

నియమాలను సొంత అవసరాలకు సడలించుకుంటే ఏమవుతుందో క్రికెట్ రంగం చూపింది. బోర్డు నిర్వాహకులు ఐపీఎల్ జట్లలో వాణిజ్య ప్రయోజనాలు కలిగి ఉండేందుకు వీలు కల్పించిన నిబంధన సవరణను 2015 జనవరిలో సుప్రీంకోర్టు కొట్టివేసింది. అదే ఏడాది ఏప్రిల్‌లో, అవకతవకల ఆరోపణల నేపథ్యంలో, లలిత కళా అకాడమీ నిర్వహణను కేంద్ర సాంస్కృతిక శాఖ తన చేతుల్లోకి తీసుకున్నది.

పదవిలో ఉన్నంతకాలం సొంత సంస్థలో ప్రదర్శించబోమన్న నియమం, ఆసక్తుల బహిరంగ ప్రకటన, పేర్లు తెలియకుండా కృతులను పరిశీలించే బయటి న్యాయనిర్ణేతలు - ఈ మూడింటికీ పెద్దగా ఖర్చు లేదు. వీటిని కళాకారులే స్వయంగా విధించుకోకపోతే బయటివారు విధిస్తారు. స్వయంప్రతిపత్తి కోరే సంస్థలు ముందుగా నేర్వవలసినది స్వీయనియంత్రణే.