పంది గడ్డికి రాలే

వికారాబాద్ చుట్టుపక్కల ఫాంహౌస్‌లున్న నలుగురు ఒకచోట కూర్చుంటే మాట భూముల ధరల దగ్గర మొదలై అడవిపంది దగ్గర ఆగుతోంది. లక్షలు పోసి లాన్ వేయిస్తే ఒక్క రాత్రిలో దున్నిపోయిందని ఒకరంటారు. కాల్చనివ్వరు, ఇదేం చట్టమని ఇంకొకరు. మూడో ఆయన గొంతు తగ్గించి, కంచెకి కరెంటు తగిలిస్తే పీడ విరగడవుతుందంటాడు. అందరూ తలూపుతారు. నా పేచీ ఆ తలూపుడుతోనే.

దసరా వెళ్లిన వారం అనంతగిరి గుట్టల దిగువన ఒక మిత్రుడి తోటకి వెళ్లాను. ఇంటి ముందు పచ్చిక చాప చుట్టినట్టు పొరలు పొరలుగా లేచి ఉంది. మట్టిలో మూతి పెట్టి తోసుకుపోయిన గాళ్లు, వాటి పక్కన జంట గిట్టల అచ్చులు. వింతేమిటంటే, గడ్డి తిన్న జాడ లేదు. లేచిన పొర వేళ్లతో సహా అట్లాగే పడి ఉంది. కాపలా ఉండే పెద్దాయన పారతో ఇంకో జానెడు పెళ్ల ఎత్తి చూపించాడు. దాని కింద చిటికెన వేలంత లావున, కొడవలిలా వంగిన తెల్ల పురుగులు ఐదో ఆరో మెదులుతున్నాయి. "పంది గడ్డికి రాలే సారూ, గడ్డి కింద పుర్గుకొచ్చింది" అన్నాడు. మా మిత్రుడు అప్పటికే ఫోన్‌లో తుపాకీ లైసెన్సున్న వాళ్ల కోసం వాకబు చేస్తున్నాడు. ఆ మాట వినలేదు.

అది వేరుపురుగు. తొలకరికి పెంకుపురుగులు నేలలోంచి లేచి వేపచెట్ల మీద వాలతాయి, మెత్తటి తడినేల చూసుకుని గుడ్లు పెడతాయి. పిల్లపురుగులు వేళ్లు కొరుకుతూ వానాకాలమంతా బలుస్తాయి. దసరా నాటికి చుట్టూ మక్క చేలు కోతకొస్తాయి, మెట్టనేల గట్టిపడుతుంది. అప్పుడు రాత్రిళ్లు స్ప్రింక్లర్లు తిరిగే లాన్ ఒక్కటే మెత్తగా, పురుగుతో నిండుగా ఉంటుంది. దానికితోడు లాన్ వేసేటప్పుడు లారీలకొద్దీ పోయించిన మాగని పేడ. పెంకుపురుగుకి అంతకంటే మంచి పురిటిల్లు ఏముంటుంది? విస్తరి వేసింది మనం, వడ్డించింది మనం. వచ్చి తిన్నవాడిని దొంగ అంటున్నాం.

ఈ గొడవ మనకే వచ్చిందనుకోకండి. టెక్సాస్‌లో స్థిరపడ్డ మన పిల్లల్ని అడగండి. అక్కడ అర్మడిల్లో అనే పెంకుల జంతువు రాత్రిపూట ఇంటి పచ్చిక తవ్విపోతుంది. అదీ పురుగుల కోసమే. 1995లో ఆ రాష్ట్రం దాన్నే తన అధికారిక చిన్న క్షీరదంగా ప్రకటించుకుంది కూడా. మన అడవుల్లో దాన్ని తలపించేది అలుగు. చీమలు, చెదలు తప్ప వేరే తిండి ఎరగదు. మీ తోటలో ఎప్పుడైనా అలుగు కనిపిస్తే చెదపుట్ట తవ్వడానికి వచ్చిందనుకోండి. మేలు చేసి పోతుంది. కానీ చీకట్లో పెట్టిన కరెంటు తీగకి అలుగేదో, ఏదుపంది ఏదో, పొరుగు చేను రైతు ఎవరో తెలియదు.

రైతు పేరు ఎత్తాను కాబట్టి అసలు కోపం చెప్పేస్తాను. లాన్ యజమానులు రైతు కష్టాన్ని అరువు తెచ్చుకుని మాట్లాడుతున్నారు. మక్క పాలకంకి మీద ఉన్నప్పుడు మంచె ఎక్కి డబ్బా కొడుతూ రాత్రంతా మేలుకునే మనిషి నష్టం వేరు. ఆ చేను పోతే ఏడాది పోతుంది. లాన్ పెళ్ల లేస్తే మర్నాడు వెనక్కి పరిచి తొక్కితే పదిహేను రోజుల్లో అంటుకుంటుంది. ఈ రెండింటినీ ఒకే "పందుల బెడద" గాటన కట్టడం రైతుకి అవమానం.

చట్టం సంగతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో, 2022 సవరణ తర్వాత, అడవిపంది రెండో షెడ్యూలులో ఉంది. మనిషి ప్రాణానికో ఆస్తికో, నిలిచి ఉన్న పైరుకో ప్రమాదమైతే అధికారి కారణాలు రాసి ఉత్తర్వు ఇచ్చి వేటకి అనుమతించవచ్చని పదకొండో సెక్షన్ చెబుతుంది. లాన్ ఆస్తి కాదా అని ఒక వకీలు మిత్రుడు నన్ను ఇరుకున పెట్టాడు. సరే, ఆస్తే అనుకుందాం. కారణం రాయాల్సిన అధికారి ఏమని రాయాలి? పురుగు మందగా పెంచారు, అది తినడానికి వచ్చింది అనా? ఒక మందని కాల్చినా పురుగు అక్కడే ఉంటే ఇంకో మంద వస్తుంది. ఆడపంది ఈతకి నాలుగారు పిల్లల్ని పెడుతుంది.

పందులు మన మీద పడుతున్నాయనే మాట కూడా తిరగేసి చూడాలి. అనంతగిరి అంచున ప్లాట్లు కోసింది ఎవరు? ఆ పక్కనే పూడూరు మండలం దామగుండంలో దాదాపు 2,900 ఎకరాల అడవి నౌకాదళ రేడియో ప్రసార కేంద్రానికి పోయింది. 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. దేశరక్షణ మీద వాదన ఇక్కడ పెట్టుకోను. అడవి తగ్గిన చోట జంతువు ఎక్కడికి జరుగుతుందో మాత్రం అడుగుతున్నాను.

మరేం చేయాలి? నీళ్లు రాత్రి కాకుండా పొద్దున్నే పెట్టండి, చీకటిపడే వేళకి పైమట్టి ఆరుతుంది. బాగా మాగిన ఎరువే వేయండి. తొలకరి పడ్డ సాయంత్రాల్లో వేపకొమ్మలు దులిపి పెంకుపురుగుల్ని ఏరించండి. మెటారైజియం అనే, పురుగుని చంపే బూజుని ఎరువులో కలిపి చల్లండి. కంచె అడుగున ఇనుప వల మూరెడు లోతు పాతండి. తాండూరులో పాలిష్ యూనిట్ల పక్కన విరిగిన నాపరాళ్లు గుట్టలుగా పడి ఉంటాయి. వాటిని సగం పాతి నిలబెడితే పంది మూతికి లొంగవు. పంటచేలకైతే వేరుశనగ చుట్టూ కుసుమ, మక్క చుట్టూ ఆముదం వరసలు వేయమని రాజేంద్రనగర్ వ్యవసాయ వర్సిటీ శాస్త్రవేత్తలు ఎన్నాళ్లనుంచో చెబుతున్నారు. తాండూరు అంటే కంది గుర్తొస్తుంది, 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా. అదే ఊరి పరిశోధన కేంద్రంలో కుసుమ మీదా పని జరుగుతుంది. ముళ్ల కుసుమలోకి పంది దూరదు. ఇది మన ఊరి విద్యే.

కాళిదాసు శాకుంతలంలో దుష్యంతుడు వేట మానుకున్న రోజున, అడవిపందులు మడుగుల్లో తుంగముస్తెలు నిశ్చింతగా పెకలించుకోనీ అంటాడు. మా మిత్రుడి లాన్‌లోనూ తుంగ పుష్కలంగా ఉంది. కలుపు తీయించమని ఆ పెద్దాయన రెండేళ్లుగా చెబుతున్నాడట.

ఇక మొదట చెప్పిన కరెంటు కంచె సంగతి. ఆగి ఆగి చిన్న షాకిచ్చే ఝట్కా మిషన్ వేరు, స్తంభం నుంచి నేరుగా లాగిన లైను వేరు. మొదటిది తోసేస్తుంది, రెండోది పట్టుకుని వదలదు. పందికని పెట్టిన తీగకి తగిలి పోయిన మనుషుల వార్తలు మన పత్రికల జిల్లా పేజీల్లో చదువుతూనే ఉన్నాం. మీ కంచెకి అలాంటి తీగ ఉంటే ఈ పూటే తీయించండి. ఆ తర్వాత పార పట్టుకుని ఒక జానెడు పచ్చిక ఎత్తి చూడండి.