అంకె కోసం అండమాన్‌ను పణంగా పెడతారా?

2025 మార్చి 29 తెల్లవారకముందే దక్షిణ అండమాన్‌లోని కుర్మా డేరా తీరం నుంచి 24 ఏళ్ల అమెరికన్ యూట్యూబర్ ఒకరు గాలి పడవకు మోటారు తగిలించుకుని ఉత్తర సెంటినల్ దీవికి బయల్దేరారు. పోలీసుల కథనం ప్రకారం, ఒడ్డుకు కాస్త దూరంలో గంటసేపు ఈల ఊదినా ఎవరూ కనిపించలేదు. అయిదు నిమిషాలపాటు దిగి ఒక డైట్ కోక్ డబ్బా, ఒక కొబ్బరికాయ ఇసుకలో పెట్టి, వీడియో తీసుకుని వెనక్కి వచ్చారు. తిరుగు దారిలో మత్స్యకారుల కంట పడ్డారు. 31న అరెస్టయ్యారు. ఆ దీవి చుట్టూ అయిదు నాటికల్ మైళ్ల లోపలికి వెళ్లడమే నేరం. ఆ సంగతి తెలిసే వెళ్లారని, 2024 అక్టోబరులోనూ ఒకసారి ప్రయత్నించారని దర్యాప్తులో బయటపడింది.

క్షేమంగా తిరిగొచ్చారుగా, ఇంత రాద్ధాంతం ఎందుకు అనేవాళ్లున్నారు. అసలు ప్రాణభయం దీవిలో ఉన్నవాళ్లది. తరతరాలుగా బయటి మనుషులకు దూరంగా బతుకుతున్న సెంటినలీల ఒంట్లో మన జలుబును, తట్టును తట్టుకునే శక్తి లేదు. అండమాన్ ఈ పాఠాన్ని ఒకసారి శవాల లెక్కతో నేర్చుకుంది. 1858లో బ్రిటిష్ వాళ్లు ఇక్కడ ఖైదీల స్థావరం పెట్టేనాటికి గ్రేట్ అండమానీయులు అయిదు వేలకు పైగా ఉండేవారని అంచనా. రోగాలు పాకాయి. 1877లో తట్టు ఊడ్చేసింది. 1961 జనగణనలో మిగిలినవాళ్లు 19 మంది. 1880లో పోర్ట్‌మన్ అనే అధికారి ఉత్తర సెంటినల్ నుంచి వృద్ధ దంపతులనూ కొందరు పిల్లలనూ పోర్ట్‌బ్లెయిర్‌కు పట్టుకొస్తే, ఆ పెద్దవాళ్లిద్దరూ కొద్ది రోజుల్లోనే చనిపోయారు. పిల్లలకు కానుకలిచ్చి మళ్లీ దీవిలో దింపారు. వాళ్లతోపాటు ఇంకేం దిగిందో ఎవరూ చూడలేదు. ఆ దీవి మనుషులు పడవ కనబడితే బాణం ఎందుకు ఎక్కుపెడతారో అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క ఘటన చాలు.

మార్చి నాటి ఘటనను ఒక దుడుకు కుర్రాడి పిచ్చి కింద కొట్టిపారేయడానికి వీల్లేదు. ఆ యువకుడి మనసులో ఏముందో తేల్చడం కోర్టు పని. కానీ అలాంటి ప్రయాణానికి ప్రతిఫలం ఇచ్చే బజారు ఒకటి ఉంది. చూసిన కళ్లను, నొక్కిన వేళ్లను లెక్కగట్టి డబ్బు పంచే బజారు అది. ఏళ్ల తరబడి పనిచేసి నమ్మకం సంపాదించినవాడికీ, ఒక్క రాత్రిలో ఎవరి ప్రాణం మీదికో తెచ్చి వైరల్ అయినవాడికీ అక్కడ తేడా లేదు. అంకె ఎంత అన్నదే ప్రశ్న. అంకె ఒక్కటే కొలత అయినప్పుడు దాన్ని దొడ్డిదారిన పెంచుకునే పద్ధతులు పుట్టుకొస్తాయి. మెత్తటి పద్ధతి ఫాలోవర్లను కొనుక్కోవడం. మొరటు పద్ధతి నిషిద్ధ తీరంలో అడుగుపెట్టడం. రెండూ ఒకే చెట్టు కొమ్మలని మా అభిప్రాయం.

మెత్తటి పద్ధతి ఎలా నడుస్తుందో ప్రపంచానికి 2018 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ పరిశోధన విప్పి చూపింది. డెవుమి అనే కంపెనీ ట్విట్టర్‌లో కోట్లాది నకిలీ ఫాలోవర్లను అమ్మింది. వాటిలో చాలా ఖాతాలు నిజమైన మనుషుల పేర్లు, ఫొటోలు దొంగిలించి తయారుచేసినవి. మరుసటి ఏడాది అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ సంస్థ యజమానితో 25 లక్షల డాలర్ల చెల్లింపునకు పరిష్కారం కుదుర్చుకుంది. 2020లో ముంబై పోలీసులు నకిలీ ఫాలోవర్ల అమ్మకంపై కేసు పెట్టి, సినీ, సంగీత రంగాల ప్రముఖులను పిలిచి ప్రశ్నించారు. వ్యాపార లబ్ధి కోసం బాట్‌లతో పెంచిన ఫాలోవర్లను, వ్యూస్‌ను అమ్మడమే కాదు, తెలిసి కొనడం కూడా తప్పేనని అమెరికా 2024లో నిబంధన తెచ్చింది. అంత సూటి నిబంధన మన దేశానికీ కావాలి.

అండమాన్‌లో ఈ మాట చెప్పాల్సిన అవసరం ఇప్పుడు మరీ ఎక్కువ. చెన్నై నుంచి దాదాపు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్‌ను 2020 ఆగస్టు 10న ప్రారంభించేదాకా ఈ దీవుల ఇంటర్నెట్ ఉపగ్రహాల దయ మీద నడిచింది. ఒక ఫొటో ఎక్కించడానికి గంటలు పట్టిన చోట ఇప్పుడు రీల్స్ తీస్తున్నారు. స్వరాజ్ ద్వీప్‌లో స్కూబా నేర్పేవాళ్లు, నీల్ దీవిలో రెండు గదుల హోమ్‌స్టే నడిపేవాళ్లు, పోర్ట్‌బ్లెయిర్‌లో టాక్సీ తిప్పేవాళ్లు అందరికీ ఇన్‌స్టా పేజీయే బోర్డు. మంచి పరిణామమే. కానీ వెయ్యి ఫాలోవర్లు ఇంత, పదివేలు ఇంత అంటూ ఊరించే మెసేజ్‌లు వచ్చేది కూడా వీళ్లకే.

కొన్నవాళ్లకు ఏం మిగులుతుంది? బియ్యంలో రాళ్లు కలిపితే తూకం పెరుగుతుంది, అన్నం మాత్రం పెరగదు. ఇన్‌స్టాగ్రామ్ అయినా యూట్యూబ్ అయినా కొత్త పోస్టును ముందు కొంతమందికి చూపించి, వాళ్ల స్పందనను బట్టి మిగతావాళ్లకు పంపుతుంది. కొన్న ఖాతాల వెనుక మనిషి లేడు కాబట్టి స్పందన ఉండదు. రీచ్ పడిపోతుంది. అంతకుముందు నిజంగా చూస్తున్న రెండు వందల మందికి కూడా పోస్టు చేరదు. ఉచితంగా ఫాలోవర్లు ఇస్తామనే యాప్‌లు పాస్‌వర్డ్ అడుగుతాయి. ఇచ్చినవాడి ఖాతాయే రేపు ఇంకొకరికి నకిలీ ఫాలోవర్‌గా అమ్ముడుపోతుంది. నువ్వు నన్ను సబ్‌స్క్రైబ్ చేయి, నేను నిన్ను చేస్తానన్న బేరాలను కూడా యూట్యూబ్ నకిలీ లెక్కగానే చూస్తుంది, దొరికితే ఛానల్‌నే తీసేయగలదు. కష్టపడి కట్టుకున్న చిన్న వ్యాపారం ఒక్క తప్పుడు కొనుగోలుతో పేరు పోగొట్టుకోవడం బాధాకరం.

దొడ్డిదారి అక్కడితో ఆగితే నష్టం కొన్నవాడిదే అనుకోవచ్చు. ఆగడం లేదు. కొన్న అంకె నిలబడాలంటే నిజమైన కళ్లు కావాలి, కళ్లు రావాలంటే ఇంకెవరూ చూపించనిది చూపించాలి. అండమాన్‌లో ఇంకెవరూ చూపించనిది అంటే సులువుగా గుర్తొచ్చేది జరావాలు. కొన్ని వందల మందే ఉన్న ఆ జాతి అడవిని చీల్చుకుంటూ అండమాన్ ట్రంక్ రోడ్డు పోతుంది. ఆ రోడ్డులో జరావా రిజర్వు గుండా వెళ్లే భాగాన్ని మూసేయాలని సుప్రీంకోర్టు 2002లోనే ఆదేశించింది. రోడ్డు నేటికీ తెరిచే ఉంది. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర బారులు తీరి, కాన్వాయ్‌గా బారాటాంగ్ సున్నపురాయి గుహలకు వెళ్లే కార్లలో కెమెరా ఎత్తకూడదన్నది చట్టం. 2012లో తిండి ఆశచూపి జరావా స్త్రీల చేత నృత్యం చేయించిన వీడియో బయటపడి దేశం సిగ్గుపడింది. 2017లో జాతీయ షెడ్యూల్డ్ తెగల కమిషన్ యూట్యూబ్‌లో ఉన్న జరావా వీడియోలపై ఆగ్రహం తెలిపి, తొలగించాలని కోరింది. అయినా కారు అద్దం సందులోంచి తీసే ఒక్క క్లిప్ కోసం తహతహలాడే ధోరణి పోలేదు.

ఇందులో తెలుగువాళ్లం ప్రేక్షకులం మాత్రమే కాము. 2011 జనగణన ప్రకారం దీవుల జనాభాలో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్ర తీరం నుంచి తరాల కిందట వచ్చి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు ఇక్కడ ఎన్నో. బయటివాళ్లు చేసిన తప్పుకు ముందు ఇరుక్కునేది స్థానిక పడవవాళ్లే. 2018 నవంబరులో ఒక అమెరికన్ మత ప్రచారకుడిని సెంటినల్ దగ్గరకు చేర్చినందుకు ఇక్కడి మత్స్యకారులు జైలుకెళ్లారు. అతడు ప్రాణం పోగొట్టుకున్నాడు, వాళ్లు బతుకుతెరువు పోగొట్టుకున్నారు.

హైదరాబాద్‌లో ఈ జబ్బు ఇంకో రూపంలో కనబడింది. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారంటూ తెలంగాణ పోలీసులు ఇన్‌ఫ్లుయెన్సర్లపైనా సినీ ప్రముఖులపైనా కేసులు పెట్టారు. ఐపీఎస్ అధికారి వీసీ సజ్జనార్ ఆ యాప్‌లకు వ్యతిరేకంగా గట్టిగా ప్రచారం నడిపారు. ఫాలోవర్ల సంఖ్యే అర్హత అయితే ఆ సంఖ్యను అందరికన్నా ఎక్కువ ధరకు కొనేది బెట్టింగ్ వ్యాపారే.

అందుకే మూలాన్ని పట్టుకోవాలి. సంఖ్యకు డబ్బు ఇవ్వడం ఆపాలి. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం 2024లో తెచ్చిన డిజిటల్ మీడియా విధానంలో ఫాలోవర్ల సంఖ్యను బట్టి ఇన్‌ఫ్లుయెన్సర్లను తరగతులుగా విడగొట్టి, యూట్యూబ్ వీడియోలకు నెలకు గరిష్ఠంగా 8 లక్షల రూపాయల దాకా ఇస్తామంది. ప్రజల సొమ్ముతో నకిలీ ఫాలోవర్ల దుకాణాలకు గిరాకీ పెంచే పద్ధతి అది. అండమాన్ పర్యాటక శాఖ గానీ, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాఖలు గానీ ఆ దారి తొక్కకూడదు. ఒక ట్రావెల్ వ్లాగర్‌ను పిలిచేముందు అతడి పాత వీడియోలు చూడాలి. పగడాన్ని తొక్కాడా, నక్షత్ర చేపను నీళ్లలోంచి తీసి ఫొటోకు పట్టుకున్నాడా, జరావాల వైపు కెమెరా తిప్పాడా అని చూస్తే చాలు, అతడి ఫాలోవర్ల లెక్క అడగాల్సిన పనుండదు.

రక్షిత తెగల వీడియోల విషయంలో గూగుల్, మెటా సంస్థలు ఫిర్యాదు వచ్చేదాకా ఆగడం తప్పు. అలాంటి వీడియోపై ఒక్క రూపాయి ప్రకటన ఆదాయం కూడా రాకూడదు, వచ్చింది వెనక్కి తీసుకోవాలి. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధనావళిని 2012లో కఠినం చేశారు. దాన్ని అడవిలో కెమెరా ఎత్తినవాడికే పరిమితం చేయకుండా, ఆ క్లిప్‌ను ఎక్కించి సంపాదించుకున్నవాడిదాకా తీసుకెళ్లాలి. విశాఖపట్నం, హైదరాబాద్‌లలో అండమాన్ ప్యాకేజీలు అమ్మే ట్రావెల్ ఏజెంట్లు జరావాలను చూపిస్తామని నోటిమాటగానైనా ఆశ పెడితే లైసెన్స్ పోవాలి. బారాటాంగ్‌కు వెళ్లే పర్యాటకులను సముద్రమార్గంలోకి మళ్లించి, ట్రంక్ రోడ్డుపై కాన్వాయ్‌లు తగ్గించే పనిని పాలనా యంత్రాంగం ఈ పర్యాటక సీజన్‌లోనే మొదలుపెట్టాలి.