వాడిన కిల్ట్‌ కొంటే నామోషీ ఏముంది?

స్కాట్లాండ్‌లో పెళ్లి పిలుపు రాగానే మనలో చాలామంది కిల్ట్‌ అద్దెకు తెస్తారు, లేదా టూరిస్టు దుకాణంలో చవక పాలియెస్టర్‌ది కొంటారు. చారిటీ షాపులో మంచి ఉన్ని కిల్ట్‌ కనిపించినా ‘ఒకరు విడిచిన బట్ట మనకెందుకు’ అని దాటేస్తారు. అమ్మమ్మ పట్టుచీర కట్టుకుని మురిసే మనకు ఈ పట్టింపు తగునా? అది మనింటిదే కదా అంటారా? నిజమే. కానీ 1746 చట్టం నిషేధించినా, 1782లో అది రద్దయ్యేదాకా ఓర్చి ఈ నేల నిలబెట్టుకున్న దుస్తు ఇది. వేషంలా కాక, గౌరవంగా కట్టుకోవాలి.

పెద్దల కిల్ట్‌కు సుమారు 8 గజాల గుడ్డ పడుతుంది. బాగా కుట్టినది తరాలు మన్నుతుంది. కొనేముందు వెలుతురుకు ఎత్తిపట్టి పురుగు కొట్టిన చిల్లులు వెతకండి. సైజు చీటీని నమ్మక నడుము, తుంటి, పొడవు టేపుతో కొలవండి. అంచు మోకాలి దగ్గరకు రావాలి. వాషింగ్‌ మెషీన్‌లో వేస్తే ఉన్ని ముడుచుకుపోతుంది, కుచ్చిళ్లు చెదురుతాయి. మరకను తడిగుడ్డతో అద్దండి. గాలికి ఆరనిచ్చి, బ్రష్‌తో దులిపి, శుభ్రంగా ఉన్నప్పుడే దాచండి.

అబ్బాయికి పొట్టిదైతే బీరువాలో మగ్గనివ్వకండి. ఇంకో ఇంటికి ఇవ్వండి.