మన మాత్రను విరిస్తే వాటి మందు కాదు

‘డాక్టర్ గారూ, మా కుక్కపిల్లకు ఒళ్లు వెచ్చగా ఉంది. పిల్లల సిరప్ ఎంత పట్టమంటారు?’ ఓపీలో తమ చీటీ రాయించుకున్నాక కొందరు అడిగే ప్రశ్న ఇది. నా జవాబు ఒకటే: చుక్క కూడా వద్దు, పశువైద్యుడికి చూపించండి.

బరువును బట్టి తగ్గిస్తే మనిషి మందు జంతువుకూ సరిపోతుందనుకోవడం ప్రమాదం. పారాసెటమాల్‌నే చూడండి. దాన్ని విషం కాకుండా మార్చి బయటకు పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. 500 మి.గ్రా. మాత్ర ఒక్కటి చాలు, పిల్లి రక్తం ఆక్సిజన్‌ను మోయలేని స్థితికి చేరి ప్రాణం పోవచ్చు. ఐబుప్రొఫెన్ వల్ల కుక్కలకు కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. కొన్ని చక్కెర లేని సిరప్‌లలో తీపి కోసం కలిపే జైలిటాల్, కుక్క రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పడగొడుతుంది.

మరి చిన్న ప్రాణికి తగిన మోతాదు బజారులో దొరక్కపోతే? ఒకప్పుడు మన ఆసుపత్రుల్లో కాంపౌండర్ మిక్చర్ కలిపి, సీసాకు మోతాదు గుర్తుల కాగితం అతికించి ఇచ్చేవారు. పశువైద్యుడి చీటీ ప్రకారం ఫార్మసిస్టు జంతువుకు అలా మందు తయారుచేయడమే కాంపౌండింగ్. అమెరికాలో థైరాయిడ్ ఎక్కువైన పిల్లులకు మెథిమజోల్‌ను చెవి లోపలి చర్మానికి రాసే జెల్‌గా కూడా చేసిస్తారు.

ఇందులోనూ లెక్క తప్పితే ముప్పే. 2009 ఏప్రిల్‌లో ఫ్లోరిడాలో పోలో పోటీకి తెచ్చిన 21 గుర్రాలు చనిపోయాయి. ఫార్మసీలో వాటికోసం కలిపిన సప్లిమెంటులో సెలీనియం మితిమీరింది. చదువుకున్నవారి చేతిలోనే ఇంత జరిగితే, వంటింటి రోటిని నమ్మడమెలా? నెమ్మదిగా కరిగేలా చేసిన మాత్రను నూరితే, రోజంతటి మందు ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది.

అందుకే ముందు జంతువుల కోసమే తయారైన మందు ఉందేమో అడగండి. లేకపోతేనే కలిపిన మందు. సీసా మీద మందు పేరు, ఒక మి.లీ.లో ఎన్ని మి.గ్రా. ఉందో, గడువు తేదీ రాసి ఉండాలి. అవి లేకపోతే తీసుకోకండి. ఇప్పటికే మన మాత్ర వేసేసి ఉంటే, లక్షణాల కోసం ఆగకుండా ఆ స్ట్రిప్ పట్టుకుని పశువైద్యుడి దగ్గరకు పరుగెత్తండి.

ఇక ప్రభుత్వాలు చేయాల్సింది ఒకటుంది. పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో శిక్షణ పొందిన ఫార్మసిస్టులతో ఈ సేవ అందుబాటులో ఉంచాలి. సరైన చోట దొరికితే జనం రోటి దాకా వెళ్లరు. మందు వికటించిందని నోరులేని ప్రాణి చెప్పలేదు. దాని తరఫున అడగాల్సింది మనమే.