మాటల్లేని పాట పాటేనా?

యూరప్ దేశాలు కలిసి 1956 నుంచి ఒక పాటల పోటీ పెట్టుకుంటున్నాయి. దాని పేరు యూరోవిజన్. దేశానికి ఒక పాట. 1980లో నార్వే పంపిన పాట గురించి మా గదిలో చెబితే తలో మాటా అన్నారు. లైట్లు ఆర్పే బెల్లు కొట్టినా వాదన ఆగలేదు. అందుకే రాస్తున్నాను.

నార్వే ఉత్తరాన సామి అనే ఆదివాసులు ఉన్నారు. వాళ్ళ పాటని యోయిక్ అంటారు. అందులో మాటలు తక్కువ, ఒక్కోసారి అసలుండవు. మనిషికో యోయిక్, కొండకో యోయిక్. "ఫలానా మనిషి మీద పాడాను" అనరంట, "ఫలానా మనిషిని పాడాను" అంటారంట. నాకిది భలే నచ్చింది. పాదిరీలు మాత్రం యోయిక్ పాపం అన్నారు. బడుల్లో సామి భాషని చాలా ఏళ్ళు రానివ్వలేదు.

1970ల్లో అక్కడి ప్రభుత్వం కరెంటు కోసం ఆల్టా నది మీద డ్యాం కడతామంది. మొదటి ప్లాను ప్రకారం మాసి అనే సామి ఊరు మునగాలి. తర్వాత ఊరిని వదిలేశారు గాని డ్యాంని వదల్లేదు. డ్యాం అంటే మనకి విడమరిచి చెప్పాలా? పోలవరం ముంపు ఊళ్ళ వాళ్ళు మన హాస్టల్లోనే ఉన్నారు. 1979 అక్టోబరులో సామి యువకులు ఓస్లో పోయి పార్లమెంటు ముందు గుడారం వేసి నిరాహారదీక్ష చేశారు. ఆ సంగతి మీద కట్టిన పాటే మరుసటేడు పోటీకి వెళ్ళింది. పాట పేరుకి అర్థం "సామి నేల". ఒకాయన నార్వే భాషలో పాడితే, మాసి ఊరి మత్తిస్ హెట్టా యోయిక్ ఎత్తుకున్నాడు. 19 దేశాల్లో 16వ స్థానం వచ్చింది.

"ఊరికే రాగం తీస్తే పాటెట్టా అయిద్దే? మార్కులు రాకపోవడం న్యాయమే" అంది ఒకామె. మరి మన పాటలో "రేల రేల" తీసేసి పాడు చూద్దాం అన్నాను. ఇంకొకామె, "సంబరం కాడ గొడవల పాటెందుకు?" అంది. ఆఫీసు కాడ చెబితే ఎవరు విన్నారు గనక! సంబరం కాడయితే జనం ఉంటారు గదా.

మూడో మాటే నన్ను నిద్ర పోనివ్వలేదు. "ఒక చేత్తో డ్యాం కడతా, ఇంకో చేత్తో వాళ్ళ పాటే మా దేశం పాట అని పంపడం నాటకం." నిజమే, 1987 కల్లా డ్యాం కట్టేశారు. మన బళ్ళో కూడా అంతే. అతిథులు వస్తే మన డాన్సు కావాలి, బహుమతులు మాత్రం సినిమా పాటలకి. అయినా ఆ పాట పంపడం మంచిదే అంటాను. మత్తిస్ దండ వేసి స్వాగతం చెప్పడానికి పోలేదు. గొడవ జరుగుతుండగానే తన నేల పాట పాడాడు.

2019లో నార్వే మళ్ళీ యోయిక్ ఉన్న పాట పంపింది. జనం ఓట్లలో అదే మొదటిది. జడ్జీలు తక్కువ వేస్తే ఆరో స్థానానికి దిగింది. ఈసారి జనానికి నచ్చలేదని ఎవరూ అనలేరు.

ఈ వార్షికోత్సవానికి పాటల పోటీలో నేను రేల పాటకి పేరిస్తున్నాను. వార్డెన్ మేడమ్ గారూ, దాన్ని స్వాగతం ఐటంలో కలపకండి. సినిమా పాటకి ఇచ్చే టైమే దీనికీ ఇవ్వండి, మార్కులు మీ ఇష్టం.

— 9వ తరగతి విద్యార్థిని